శంకుస్థాపనకు ఫ్లెక్సీలు... మూతకు తాళం కప్పా?

ఫ్యాక్టరీ పెడతామంటే వారం ముందే ఊరంతా ఫ్లెక్సీలు లేస్తాయి. జమ్మలమడుగు ఉక్కుకు 2007, 2018, 2019, 2023లలో కొబ్బరికాయలు కొట్టారు. నడిచే మిల్లు మూసేటప్పుడు మాత్రం కూలీకి ఒక్కరోజు ముందు కూడా చెప్పరు. ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లు గేటు దగ్గర మేము కళ్లారా చూశాం. పొద్దున్నే క్యారేజీలతో పనికొచ్చిన వాళ్లకు తాళం కనపడింది. "సావుకారి ఊర్లో లేడు" అని వాచ్‌మన్ అన్న మాటే వాళ్లకందిన నోటీసు.

చట్టం లేదా? ఉంది. ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి తీసేయాలంటే నెల ముందు నోటీసు లేదా నెల జీతం ఇవ్వాలని, పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల వేతనం పరిహారంగా కట్టాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1953లో చేసిన సవరణ నుంచీ ఉంది. పెద్ద ఫ్యాక్టరీ, గని మూయాలంటే 90 రోజుల ముందే సర్కారు అనుమతి అడగాలి. 1976లో ఆ నిబంధన వచ్చినప్పుడు పెద్దదంటే 300 మంది. 1982 సవరణ దాన్ని 100కు దించింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మళ్లీ 300కు ఎక్కించింది. ఆరేళ్లలో దక్కిన హక్కును నలభై ఏళ్ల తర్వాత వెనక్కి లాక్కున్నారు.

మన మూడు ఊర్లలో 300 మంది పనిచేసే చోట్లు ఎన్ని? జమ్మలమడుగు వైపు బండల పాలిషింగ్ యూనిట్లలో ఉండరు. పులివెందుల అరటికాయల షెడ్లలో ఉండరు. ప్రొద్దుటూరు మగ్గాల్లో అసలే ఉండరు. 60 రోజుల మూసివేత నోటీసు కూడా 50 మందికి తక్కువుంటే అక్కర్లేదు.

నెల నోటీసుకు మాత్రం ఈ తలల లెక్క లేదు. కానీ ఏడాదిలో 240 రోజులు పనిచేసినట్టు రుజువు కావాలి. పత్తి సీజనుకే తిరిగే జిన్నింగ్ మిల్లులో ఆ రోజులు నిండవు. నిండినా మస్టరులో పేరుండదు, కూలి చేతికిస్తారు. హక్కు పుస్తకంలో ఉంది, రుజువు సావుకారి బీరువాలో ఉంది!

ముందే చెప్తే అప్పులోళ్లు మీద పడతారంటారు యజమానులు. వాళ్ల కష్టం మాకూ తెలుసు. కానీ మూత సంగతి బ్యాంకుకు తెలుస్తుంది, గుమాస్తాకు తెలుస్తుంది, కూలీకే ఎందుకు తెలియకూడదు? పెట్టుబడికి పుట్టినిల్లనే అమెరికాలోనే 1988 చట్టం 100 మంది, అంతకు పైబడి ఉన్న సంస్థలు 60 రోజుల ముందు చెప్పాలంది. చెప్పకపోతే ఆ రోజుల జీతం కట్టాలంది. ఆ రెండు నెలలే ఇంకో పని వెతుక్కోడానికి, పిల్లల ఫీజుకు దారి చూసుకోడానికి గడువు.

మా డిమాండు చిన్నదే. పదిమంది పనిచేసే చోటైనా సరే, మూసే ముందు గేటుకు తెలుగులో నోటీసు అంటించాలి. నకలు లేబర్ ఆఫీసుకు పంపాలి. చెప్పకుండా మూస్తే ఆ రోజుల కూలి కట్టాలి.

అంతవరకూ మనం చేయగలిగింది ఒకటుంది. అదే నవంబరులో అమలైన మరో కోడ్ కార్మికులకు నియామక పత్రం ఇవ్వాలంటోంది. విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ మిత్రులారా, మీ వీధిలో మిల్లుకు పోయేవాళ్లతో ఆ కాగితం అడిగించండి. పనిచేసిన రోజులు నోటుబుక్కులో రాయించండి. సీమకు కొత్త ఫ్యాక్టరీ కావాలని రోడ్డెక్కే మనం, ఉన్న మిల్లు గేటు దగ్గర నోరు మెదపకపోతే ఎట్లా?