ప్రార్థనకు బలం గొంతులో లేదు

ప్రార్థనా జీవితాన్ని బలపరచుకోవడం ఎలా అన్న ప్రశ్నకు మన తెలుగు క్రైస్తవ సభలలో తరచుగా వినబడే సమాధానాలు మూడు. ఇంకా ఎక్కువసేపు చేయండి. ఇంకా గట్టిగా చేయండి. మీకు చేతకాకపోతే మీ విన్నపాన్ని చీటీ మీద వ్రాసి దైవజనుల చేతికివ్వండి, మీ తరఫున వారు చేస్తారు. ఈ మూడింటినీ నేను అంగీకరించలేను. మొదటి రెండూ ప్రార్థనను కొలతకు లోబరుస్తున్నాయి, మూడవది దానిని గుత్తకిస్తున్నది. కొలిచి చూపేదీ, గుత్తకిచ్చేదీ మరేదైనా కావచ్చును గాని, క్రీస్తు నేర్పిన ప్రార్థన మాత్రం కాదు.

ముందుగా మూలగ్రంథాన్నే చూద్దాం. మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో, యేసు ప్రార్థనను గురించి చెప్పిన మాటల వరుసను గమనించండి. నలుగురి కంటబడాలని వీధుల మూలలలో నిలబడి ప్రార్థించవద్దన్నాడు. గదిలోనికి వెళ్లి తలుపు వేసుకొమ్మన్నాడు. మాటలు పెంచినంత మాత్రాన దేవుడు వింటాడనుకోవద్దన్నాడు. ఇంత హెచ్చరించిన తరువాతనే పరలోక ప్రార్థన నేర్పాడు. దానిని ఎంత నిదానంగా పలికినా రెండు నిమిషాలు పట్టదు. ఆ అధ్యాయాన్ని చదివి వినిపించడానికే వీధి మూలలకు మైకులు కట్టే మనం, అసలు దానిని ఏ కళ్లతో చదువుతున్నట్టు?

పాత నిబంధనలోనూ ఇదే సాక్ష్యం. షిలోహులో హన్నా ప్రార్థించినప్పుడు పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె మత్తులో ఉన్నదని భ్రమపడ్డాడు. కర్మెలు పర్వతం మీద బయలు ప్రవక్తలు ఉదయం మొదలుకొని కేకలు వేసి, గెంతి, ఒళ్లు కోసుకున్నారు. ఏలీయా ప్రార్థన రెండు మూడు వాక్యాలలో ముగిసింది. గొంతు పెంచడమే బలమైతే ఆ రోజు గెలవవలసినవారు బయలు ప్రవక్తలు.

"మరి విసుగక న్యాయాధిపతిని వేడుకొన్న విధవరాలి ఉపమానం మాటేమిటి?" అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. లూకా సువార్త 18వ అధ్యాయంలోని ఆ విధవరాలు బిగ్గరగా అరిచిందని అక్కడ లేదు. మళ్లీ మళ్లీ వచ్చిందని ఉంది. అంటే ఉపమానం నేర్పుతున్నది మానకపోవడాన్ని, కేకను కాదు. దాని వెనువెంటనే ఉన్నది పరిసయ్యుని, సుంకరి కథ. తన ఉపవాసాలను లెక్కచెప్పుకున్న పరిసయ్యుడు వట్టి చేతులతో వెళ్లాడు. దూరంగా నిలబడి ఒక్క వాక్యం పలికిన సుంకరి నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు.

ఇక గుత్త సంగతి. ఒకరి కోసం ఒకరు ప్రార్థించడాన్ని నేను తప్పుపట్టడం లేదు. సంఘమంతా కూడి ప్రార్థించడాన్నీ కాదనడం లేదు. పరలోక ప్రార్థన తొలి పిలుపులోనే "మా" అన్న మాట ఉంది. నా అభ్యంతరమంతా ప్రార్థన ప్రవహిస్తున్న దిక్కును గురించి. పౌలు తన పత్రికలలో తన కొరకు ప్రార్థించమని సామాన్య విశ్వాసులను పదేపదే వేడుకున్నాడు. అపొస్తలుడే సంఘాన్ని అడిగాడు. నేడో, సామాన్యుడు ఎప్పుడూ అడిగేవాడే, వేదిక మీది వ్యక్తి ఎప్పుడూ చేసేవాడే. చీటీతో పాటు కానుక కవరు కూడా చేరితే, అది ప్రార్థనా, పనికి కూలీనా? ఒకరి బదులు మరొకరు భోజనం చేయలేరన్నది ఎంత నిజమో, ఒకరి బదులు మరొకరు దేవునితో మాట్లాడలేరన్నదీ అంతే నిజం.

మన నేల మీదనే జరిగిన ఒక చరిత్రను ఇక్కడ గుర్తుచేయాలి. 1853లో అమెరికాలోని ఆల్బనీలో బాప్టిస్టుల సమావేశం జరిగింది. ఫలితం కనబడని తెలుగు మిషనును మూసివేయాలా వద్దా అన్న చర్చ అందులో సాగింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూవెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండకు ప్రార్థన కొండ అన్న పేరు వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ కథను ఉజ్జీవ సభలలో ఎన్నోసార్లు చెబుతారు. అయితే చాలాసార్లు కొండనూ, నదినీ చెప్పి మధ్యలోని ఇరవై నాలుగేళ్లను వదిలేస్తారు. ఐదుగురు ప్రార్థించారు, వేలమంది వచ్చారు, మీరూ అలాగే ప్రార్థించండి, ఇదీ సారాంశం. కాని జరిగింది అది కాదు. అడిగిన సేవకుడు, జాన్ క్లౌ, ఒంగోలు చేరింది 1866లో. అంటే పన్నెండేళ్ల నిరీక్షణ. తరువాత 1876–78 కరువు వచ్చింది. అప్పుడు క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పనికి గుత్త తీసుకొని, ఆకలితో చస్తున్నవారికి కూలి దొరికేలా చేశాడు. అంతేకాదు, తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకుండా, సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశాడు. ఆ 2,222 అన్న సంఖ్య వెనుక ఉన్నవి ఇవీ: ఎదురుచూపు, పలుగూ పారా, సంఖ్యల మీది ఆశను అణచుకున్న నిగ్రహం. వచ్చినవారిలో అత్యధికులు మాదిగలు, ఊరు వెలుపల ఉంచబడినవారు. ఆ మధ్యభాగాన్ని తీసివేస్తే మిగిలేది ప్రార్థన కాదు, మంత్రం.

కనుక నా వాదం ఇంతే. ప్రార్థన బలం దాని ధ్వనిలో లేదు, నిడివిలో లేదు. జవాబు కనబడని మధ్యకాలాన్ని ఓర్చుకోవడంలో ఉంది. గెత్సేమనేలో యేసు అడిగిన గిన్నె తొలగలేదు. అయినా ఆ ప్రార్థన విఫలమైందని ఏ క్రైస్తవుడూ అనడు. జవాబు రాలేదంటే నీలో విశ్వాసం చాలలేదని కుమిలిపోతున్న తల్లిదండ్రులను నిందించే ప్రసంగీకులు గెత్సేమనే పుటను చించివేయవలసి ఉంటుంది.

మరి బలపడే మార్గమేది? కొత్తదేమీ లేదు. దానియేలులా వేళ తప్పకుండా కూర్చోవడం. పావుగంటయినా సరే, రోజూ. మన మాటలు ఎండిపోయినప్పుడు నూట యాభై కీర్తనలలో ఒకదానిని అరువు తెచ్చుకోవడం. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. దుఃఖాన్ని సంతోషంగా నటించనక్కరలేదని అంతకన్నా గట్టి హామీ ఏముంది? జర్మనీలో నాజీలను ఎదిరించి 1945లో ఉరితీయబడిన బోన్హోఫర్, 1940లో కీర్తనలనే బైబిలులోని ప్రార్థనా పుస్తకంగా పరిచయం చేస్తూ చిన్న పొత్తం ప్రచురించాడు. ఇక చివరిది: ఎవరి కోసం ప్రార్థించామో, వారి కోసం ఆ వారంలో చేయగలిగిన ఒక పని చేయడం. రోగి కోసం ప్రార్థించినవాడు ఆసుపత్రిలో ఒక రాత్రి తోడుండవచ్చు. మనందరికీ ఒక కాలువ ఉంటుంది.

మీ సంఘపు పెద్దలతో చెప్పి ఒక్క ఆదివారం మైకు ఆపించి, పది నిమిషాలు అందరూ మౌనంగా ప్రార్థించి చూడండి. ఆ పది నిమిషాలు భరించలేనంత దీర్ఘంగా తోస్తే, ఇన్నాళ్లూ మనం మాట్లాడినది ఎవరితోనో ఆలోచించుకోవలసిందే. విభేదించేవారు తప్పక వ్రాయండి. వాదనకు నేను సిద్ధమే.