నాలుగు పోర్షన్ల బిల్డింగ్.. ఈఎంఐ ఎవరి నెత్తిన?

రామకృష్ణాపూర్‌లో సింగరేణి కార్మికుడు రిటైరైతే ఇంట్లో ముందు నడిచే చర్చ గ్రాట్యుటీ, పీఎఫ్ పైసల గురించే. ‘నాలుగు పోర్షన్లు కొని కిరాయికిద్దాం, తక్కువపడితే లోన్ తీసుకుందాం’ అంటారు పెద్దలు. ‘నీకు జాబ్ లేటైనా కిరాయిలైతే వస్తయి’ అని మనకూ ధైర్యం చెబుతారు. ఆలోచన చెడ్డదేం కాదు. అయితే హైదరాబాద్ లెక్కలు ఇక్కడ పనిచేయవు.

కిరాయికి వచ్చేదెవరు?

కంపెనీ ఉద్యోగుల్లో చాలామందికి క్వార్టర్లుంటాయి, కొందరికి సొంతిళ్లున్నాయి. ఇక మిగిలేది కాంట్రాక్టు కార్మికులు, టీచర్లు, ప్రైవేటు ఉద్యోగులు. వీళ్ల సంఖ్య గనులను బట్టి మారుతుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడా సంఖ్య 40 వేల దరిదాపుల్లో ఉంది. భూగర్భ గనితో పోలిస్తే ఓపెన్‌కాస్ట్‌కు మనుషులు తక్కువే కావాలి. జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రం వచ్చినా, అక్కడ పనిచేసేవాళ్లు మంచిర్యాలలోనూ ఇల్లు చూసుకోవచ్చు. అందుకే ముందుగా మీ వీధిలో టు-లెట్ బోర్డులు ఎన్నున్నాయి, ఎన్ని నెలలుగా వేలాడుతున్నాయి చూడండి.

కాగితం మీద లెక్క

ఉదాహరణకు బిల్డింగ్ ధర 60 లక్షలు అనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే మరో 4.5 లక్షలు. నాలుగు పోర్షన్లకు 5 వేల చొప్పున నెలకు 20 వేలు, ఏడాదికి 2.4 లక్షలు వస్తాయి. ఖాళీగా ఉన్న నెలలు, రిపేర్లు, ఇంటి పన్ను తీసేస్తే 2 లక్షలు మిగలొచ్చు.

ఇందులో 40 లక్షలు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ సుమారు 34,700. అన్ని పోర్షన్లూ నిండినా నెలకు 14,700 జేబులోంచి కట్టాలి. రిటైరైన నాన్నకు 20 ఏళ్ల లోన్ దొరకడం కష్టం. అంటే సంతకం మీది, ఈఎంఐ మీ మొదటి జీతంలోంచి. జీతం 25 వేలైతే మిగిలేది పదివేలే. గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుదామన్నా, తక్కువ జీతమైనా పని నేర్పే కంపెనీలో చేరదామన్నా ఆ ఈఎంఐ కదలనివ్వదు.

దీన్ని ఇంకోదాంతో పోల్చి చూడండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్ వడ్డీ 2023 ఏప్రిల్‌లో 8.2 శాతమైంది. ఆ రేటుకు గరిష్ఠ పరిమితి 30 లక్షలు పెడితే ఏడాదికి 2.46 లక్షలు. 60 లక్షల బిల్డింగ్ కిరాయి కూడా దాదాపు అంతే! బిల్డింగ్ విలువ పెరుగుతుందంటారా? పెరగొచ్చు. కానీ గని ఊళ్లో ఆ విలువ కూడా గని మీదే ఆధారపడి ఉంటుంది.

భూమి ఎవరిది?

ఈ బెల్టులో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. కొన్ని ఇళ్లు కంపెనీ భూముల్లో వెలిసినవి. సింగరేణి ప్రభుత్వానికి అప్పగించిన భూముల్లోని ఇళ్లను జీవో 76 కింద క్రమబద్ధీకరించారు. మీరు చూస్తున్న ఇంటికి పట్టా ఉందా, నోటరీ కాగితమేనా అడగండి. ఈసీ క్లియర్‌గా ఉందని నమ్మేయొద్దు. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తాయి, నోటరీ అమ్మకాలు కనిపించవు. ఏజెన్సీ పరిధిలోనైతే 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరుల పేరిట బదిలీ చెల్లదు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలోనో, 8 ఫ్లాట్ల లోపో కడితే రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కాబట్టి మున్సిపల్ పర్మిషన్, లింక్ డాక్యుమెంట్లు మీరే లాయర్‌కు చూపించుకోవాలి. ఓపెన్‌కాస్ట్ దగ్గరైతే గోడల బీటలు కూడా చూడండి.

లోన్ లేకుండా, టైటిల్ సరిగ్గా ఉన్న చోట, రిటైర్మెంట్ పైసల్లో కొంత భాగంతో ఒకట్రెండు పోర్షన్లు వేసుకుంటే ఇబ్బంది లేదు. లోన్ కావాలంటే మాత్రం మీకు ఉద్యోగం వచ్చి, ఏ ఊళ్లో ఉంటారో తేలేదాకా ఆగమని ఇంట్లో చెప్పండి. బిల్డింగ్ రెండేళ్లు ఆగినా కొనొచ్చు. 22 ఏళ్లకు తలకెత్తుకున్న ఈఎంఐని మధ్యలో దించుకోవడం అంత తేలిక కాదు.