రెండు రూపాయల స్పిట్‌ఫైర్

పోయిన ఆదివారం మా ఇంట్లో ఒక స్పిట్‌ఫైర్ పేరు సాసర్‌లో ముక్కలైపోయింది. నీళ్ళు పోసి, డెకాల్ అందులో వేసి, ముప్పై లెక్కపెట్టి ట్వీజర్‌తో తీయబోతే ‘యూ’ అక్షరం నాలుగు ముక్కలు. ‘ఎం’ ఎన్ని ముక్కలైందో లెక్క తేలలేదు.

డెకాల్ అంటే తెలియనివాళ్ళకి: చిన్నప్పుడు బబుల్‌గమ్‌తో వచ్చే టాటూ గుర్తుందా? తడిపి చేతికి అద్దితే బొమ్మ దిగేది. ఇది దానికి అన్నలాంటిది. జిగురు కాగితం మీద పల్చటి పొర, పొర మీద అచ్చు. తడిస్తే కాగితం మీంచి జారుతుంది, మెల్లగా ప్లాస్టిక్ విమానం మీదికి నెట్టాలి. నా కిట్టు తిరువూరు ఎండల్లో రెండు వేసవులు బీరువా మీద పడుంది. అంత పాతబడ్డ డెకాల్స్‌కి నీళ్ళలో వేసే ముందు ఒక కోటు క్లియర్ వార్నిష్ కొట్టాలి, అప్పుడు పొర విరగదు. నాకు తెలుసు. బద్ధకించాను. ఆఫీసులో టెస్ట్ చెయ్యకుండా కోడ్ పంపేవాళ్ళ మీద గొంతు చించుకునేది నేనే మళ్ళీ.

పోయింది రెండక్షరాలే కదా అంటారేమో. 1940 నాటి స్పిట్‌ఫైర్లన్నీ చూడ్డానికి దాదాపు ఒకటే. పైన ముదురాకుపచ్చ, మట్టిరంగు పట్టీలు, కింద లేత రంగు, పక్కన ఎరుపు తెలుపు నీలం చక్రం. ఏది ఎవరిదో చెప్పేవి ఆ చక్రం పక్కనుండే రెండు బూడిదరంగు అక్షరాలే. నా కిట్టులో ఉన్న ‘యూఎం’ అంటే 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్.

అవును, మన హైదరాబాదే. నిజాం ఇచ్చిన డబ్బుకి గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళం పెట్టిన పేరు. స్క్వాడ్రన్ బ్యాడ్జి మీద నిజాం తలపాగా ఉంటుంది, కింద ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అనే అర్థమొచ్చే మాట. అది ఇంగ్లిష్‌వాళ్ళు ఏడో నిజాంకిచ్చిన బిరుదే. ఈ ఇవ్వడాలు మొదటి ప్రపంచ యుద్ధంలోనే మొదలయ్యాయి. 1918లో 110వ స్క్వాడ్రన్‌కి ఆయన డబ్బుతో వచ్చిన డీహెచ్-9ఏ బాంబర్ల మీద ‘నిజాం బహూకరణ’ అని రాసేవాళ్ళు. వాటిలో ఒకటి జర్మన్లకి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో కొన్నాళ్ళుండి, తర్వాత పోలండ్ చేరి, చివరికి 1977లో లండన్‌లోని ఆర్.ఏ.ఎఫ్. మ్యూజియానికొచ్చింది. బదులుగా పోలండ్‌కి ఏమిచ్చారో తెలుసా? ఒక స్పిట్‌ఫైర్.

152వాళ్ళు 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరం కాపలా కాసి, ఆఫ్రికా, ఇటలీ తిరిగి, 1943 ఆఖర్లో బర్మా యుద్ధానికొచ్చారు. ఇక్కడ గుర్తులే మారిపోయాయి. చక్రంలో ఎరుపు తీసేశారు. జపాన్ విమానం మీదుండేది ఎర్ర సూర్యుడు. గాల్లో అంత దూరాన ఎరుపు కనిపిస్తే సొంతవాళ్ళే కాల్చేస్తారని భయం. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేసిన విమానాల మీద ఉన్నదీ ఆ సూర్యుడే. అలా నీలం, లేత నీలం మిగిలిన చక్రం మీదుగా 152వాళ్ళు దూకుతున్న నల్ల చిరుతని గీసుకున్నారు. అది చేయాలని ఎప్పట్నుంచో ఆశ. దానికి వేరే కిట్టు కొనాలి, ఒకటో తారీఖు దాకా ఆగాలి.

ఇదంతా చెప్తుంటే నాన్న ఒకటే అడిగారు. “మనది నిజాం రాజ్యం కాదు కదరా?”

కాదు. మాది అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ, కృష్ణా జిల్లా. అటు సత్తుపల్లి, కల్లూరు వైపు వెళ్తే నిజాంది. ఇప్పటికీ మా ఊరు దాటి కాస్త పోతే తెలంగాణే. ఇటువైపు డబ్బుకీ ఒక పేరుంది: 234 (మద్రాస్ ప్రెసిడెన్సీ) స్క్వాడ్రన్. అవీ స్పిట్‌ఫైర్లే, అవే రంగులు, అక్షరాలు మాత్రం ‘ఏజెడ్’. 264కీ మద్రాస్ పేరే పెట్టారు గానీ వాళ్ళకిచ్చినవి డిఫయంట్లు. ముందుకి కాల్చే తుపాకీ లేని ఫైటరది, దాని కష్టాలు ఇంకోసారి చెప్తాను. వాటిలో ఒకదాని మీద ‘కోయంబత్తూరు’ అని రాసి ఉండేది. ఆ పేరుతో డెకాల్స్ ఇప్పటికీ వస్తాయి.

“మీ తాతయ్య చెప్పేవాడు,” అన్నారు నాన్న. “మీ ముత్తాత దగ్గర వార్ ఫండ్ అని రెండు రూపాయలు పట్టుకెళ్ళారంట.”

లెక్క చూడకుండా ఉండలేకపోయాను. విరాళాలిచ్చేవాళ్ళకి అప్పట్లో ఒక స్పిట్‌ఫైర్ ధర 5,000 పౌండ్లని చెప్పేవాళ్ళు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలు, అంటే దాదాపు 67 వేల రూపాయలు. అంత ఇవ్వలేనివాళ్ళ కోసం విడిభాగాలకీ ధరల పట్టిక ఉండేది. అందులో రివెట్ ఆరు పెన్నీలు. రూపాయికి మూడు. మా ముత్తాతవి ఆరు రివెట్లు.

ఆ రోజుల్లోనే, 1940 అక్టోబరు 17న, వినోబా భావే వ్యక్తి సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఈ యుద్ధానికి మనిషిని గానీ డబ్బు గానీ ఇవ్వడం తప్పు అని నలుగురిలో చెప్పి జైలుకెళ్ళడమే ఆ కార్యక్రమం. మా ముత్తాత జైలుకెళ్ళలేదు. రెండు రూపాయలు మనసుపడి ఇచ్చాడా, అడిగినవాళ్ళకి భయపడి ఇచ్చాడా, ఇంట్లో ఎవరికీ తెలీదు. తాతయ్య మాత్రం ఎప్పుడు చెప్పినా ‘పట్టుకెళ్ళారు’ అనేవాడు. ‘ఇచ్చాం’ అనేవాడు కాదు.

సరే, విరిగింది ఎలాగూ విరిగింది, ‘ఏజెడ్’ వేద్దామనుకున్నా. కంప్యూటర్లో గీసి డెకాల్ పేపరు పట్టుకుని జిరాక్స్ షాపుకెళ్తే, ఆ కాగితం వేడికి లోపల అంటుకుపోతే మెషీన్ ఎవరు బాగుచేయిస్తారని వెనక్కిచ్చేశారు. న్యాయమే. ఇంట్లో ఇంక్‌జెట్ ఉంది గానీ దానికి తెల్లరంగు ఉండదు. పారదర్శకమైన పొర మీద లేత బూడిద అచ్చేసి ముదురాకుపచ్చ మీద అంటిస్తే అక్షరమే కనపడదు. మిగిలింది మాస్కింగ్ టేపు. బ్లేడుతో అక్షరం ఆకారం కోసి, టేపు అతికించి, ఖాళీలో రంగు కొట్టడం. అదృష్టం బావుండి ఏ, జెడ్ రెండింటికీ వంపుల్లేవు, అన్నీ తిన్నటి గీతలే. అయినా మూడోసారికి గానీ కుదరలేదు.

రంగు ఆరుతుంటే నాన్న వచ్చి చూశారు. “ముక్కు మీద మన ఊరి పేరు కూడా రాయరా. కోయంబత్తూరు వాళ్ళది ఉందిగా.”

“అట్లాంటి విమానం లేదు నాన్నా. రాస్తే అబద్ధం అవుద్ది.”

“మరి ఆ ఆరు రివెట్లు?”

విమానాన్ని బోర్లించి, ఎడమ రెక్క కింద కుట్టుసూదితో చిన్న చిన్న చుక్కలు పొడిచాను. 1/72 స్కేలులో చుక్క చేయడమే ఎక్కువ. నాన్న లోపలికెళ్ళి కళ్ళజోడు తెచ్చుకుని లెక్కపెట్టారు. ఐదే ఉన్నాయన్నారు. ఇంకోటి పొడిచాను.