షికార్ హలాలే, కానీ మన అడవిలో కాదు



అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. టెక్సాస్‌లో ఏదో గడ్డి మైదానం. ఆకుల రంగు గుడారంలో కూర్చుని, చివర్లకి చిన్న చిన్న చక్రాలున్న విల్లు లాగి పట్టుకున్నాడు. ఇరవై గజాల దూరంలో అడవి టర్కీ కోడి తోక విప్పుకుని తిరుగుతోంది. బిస్మిల్లాహి అల్లాహు అక్బర్ అని బాణం వదిలాడు. పరిగెత్తుకెళ్ళి, ఇంకా ప్రాణముందని జబహ్ కూడా చేశాడు. మాషా అల్లాహ్ అని అందరూ రాశారు.

గొడవ ఆ తర్వాత మొదలైంది. నరసరావుపేటలో, మాచర్లలో ఉన్న మన కుర్రాళ్ళు నన్ను అడగడం మొదలుపెట్టారు. "మామూ, అక్కడ హలాలైంది ఇక్కడెందుకు కాదు? టర్కీ లేకపోతేనేం, మనకి తీతర్ ఉంది, మోర్ ఉంది. విల్లు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. బిస్మిల్లా మనకీ వచ్చుగా."

సవాల్ తప్పు కాదు. "నోర్మూసుకోండి, పోలీసులు పట్టుకుంటారు" అని కసిరితే జవాబు చెప్పినట్టు కాదు. షికార్ మన దీన్‌లో జాయిజే. సూరె మాయిదాలో దాని అహ్కామ్ ఉన్నాయి. తీర్ అందాజీ నేర్చుకోమని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం తర్గీబ్ ఇచ్చారు. హాతిమ్ తాయీ కొడుకు హజ్రత్ అదీ రజియల్లాహు అన్హు మంచి షికారీ. ఆయన అడిగిన మసాయిల్, వాటికి వచ్చిన జవాబులు బుఖారీ, ముస్లిం రెండింట్లోనూ ఉన్నాయి. మన ఆలిమ్‌లు షికార్ బాబ్ అంతా దాదాపు వాటి మీదే నిలబెట్టారు.

ఆ జవాబుల్లో ఎంత బారీకీ ఉందో చూడండి. బాణం మొన గుచ్చుకుని జంతువు చస్తే తినొచ్చు. అదే కర్ర అడ్డంగా తగిలి, ఆ దెబ్బకి చస్తే తినకూడదు, అది మౌఖూజా. బాణం తగిలి నీళ్ళలో పడితే వదిలెయ్యాలి, ఎందుకంటే బాణం చంపిందో నీళ్ళు చంపాయో నీకు తెలియదు. ప్రాణంతో దొరికితే జబహ్ చెయ్యాల్సిందే. అంటే పేరు తల్చుకోవడం ఒక షర్తు మాత్రమే. చచ్చిన తీరు ఇంకో షర్తు. షక్ ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోవడం మూడోది.

ఇప్పుడు మన పల్నాడులో నడిచే షికార్‌ని ఈ తరాజులో పెట్టండి. ఇక్కడ విల్లు పట్టేవాళ్ళు ఎంతమంది? ఒకడి చేతిలో గులేల్, ఇంకొకడి చేతిలో ఎయిర్‌గన్, లేదంటే రాత్రి పూట లైటు, వల. గులేల్ రాయి గుచ్చుకోదు, కొడుతుంది. దాంతో చచ్చిన పిట్ట సాఫ్‌గా మౌఖూజా. ఎయిర్‌గన్ ఛర్రాదీ అదే హుకుమ్. బందూక్ గుండు గురించి కూడా మన ఉపఖండపు హనఫీ ఉలమాలో ఎక్కువమంది చెప్పింది ఇదే, ప్రాణముండగా జబహ్ చేస్తేనే హలాల్. పిడికెడంత తీతర్ గుండు దెబ్బకి ఎంతసేపు బతుకుతుంది? మీరు కంపచెట్టు దాటుకుని అక్కడికి చేరేలోపు అయిపోతుంది. ఇంకొకరు కొట్టి చంపిన పిట్టని డబ్బులిచ్చి సంచిలో తెచ్చుకుంటే? బాణం ఎవరు వేశారో, ఎవరి పేరు తల్చి వేశారో తెలియని గోష్త్ అది. దాన్ని మసాలా వేసి వండినా ముర్దారే. రోజూ కోడి దుకాణంలో "ఎవరు కోశారు భాయ్" అని అడిగే మనం, తీతర్ అనేసరికి ఎందుకు అడగమో నాకు అర్థం కాదు.

"సరే మామూ, నేను బాణంతోనే కొడతా, బిస్మిల్లా అనే కొడతా" అన్నాడు గురజాల కుర్రాడొకడు. హుషారైన పిల్లాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మేనల్లుడి వీడియోలో మీకు కనబడనివి చాలా ఉన్నాయి. టర్కీ పెద్ద పిట్టే గానీ, అందులో ప్రాణం నిలిచే చోటు బత్తాయి పండంత. మిగతాదంతా ఈకలు. బాణం నాలుగు అంగుళాలు పక్కకి పోతే పిట్ట చావదు, గాయంతో పొదల్లోకి పోయి ఎక్కడో నరకం చూసి చస్తుంది. అందుకే నెలల తరబడి బోర్డు మీద సాధన చేసి, ఇరవై ముప్పై గజాల లోపు వస్తేనే వేస్తారు, రాకపోతే ఖాళీ చేతులతో ఇంటికొస్తారు. లైసెన్సు కొనాలి. ఏ నెలలో కొట్టాలో, ఎన్ని కొట్టాలో ప్రభుత్వం రాసిపెడుతుంది. ఊరికే రాసిపెట్టలేదు. కొట్టీ కొట్టీ, అడవులు నరికీ ఆ దేశంలో 1930ల నాటికి అడవి టర్కీలు దాదాపు ఖతమయ్యే హాలత్ వచ్చింది. చాలా రాష్ట్రాల్లో ఒక్కటీ మిగల్లేదు. 1937లో ఒక చట్టం చేసి, వేట తుపాకులూ మందుగుండూ మీద పన్ను జంతువుల రక్షణకే పోయేలా పెట్టారు. తర్వాత విల్లంబుల్ని కూడా అందులో కలిపారు. ఉన్నచోట పట్టి లేనిచోట వదిలారు. అలా పదుల లక్షల్లోకి మళ్ళీ పెరిగాక, వాటిలో కొన్నిటిని కొట్టుకోమని ఇజాజత్ ఇస్తున్నారు. మావాడు కొట్టింది ఆ లెక్కలో ఒకటి.

మన దగ్గర ఆ లెక్క లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో షౌఖ్ కోసం వేటాడే లైసెన్సులన్నీ పోయాయి. నెమలి 1963 నుంచి జాతీయ పక్షి, చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు, 2022 సవరణ తర్వాత పాతిక వేలకి తగ్గని జరిమానా. తీతర్ కూడా షెడ్యూల్లోదే. ఇంకో మాట, చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. వల పెట్టడం, తరమడం, ప్రయత్నించడం, గూడు పాడుచెయ్యడం, గుడ్లు తియ్యడం అన్నీ వేటే. ఫ్రిజ్‌లో గోష్త్ దొరికినా కేసే. మోకాళ్ళ నొప్పులకి మోర్ కా తేల్ అని సీసాలు కొనే పెద్దవాళ్ళు కూడా ఇది వినాలి.

ఇక్కడే నాకు కోపం తెప్పించే మాట ఒకటి వినబడుతుంది. "కానూన్ వేరు, షరీఅత్ వేరు. అల్లాహ్ హలాల్ చేసినదాన్ని గవర్నమెంట్ ఎలా ఆపుతుంది?" హనఫీ మస్లక్‌లో మోర్ హలాల్, నిజమే. షాఫయీ వాళ్ళు హరామ్ అంటారు, అదీ నిజమే. కానీ హలాల్ జంతువుని ఒక టైములో, ఒక చోట ముట్టకూడదనడం కొత్త మాటా? ఇహ్రామ్ కట్టుకున్నవాడికి నేల మీది షికార్ హరామ్. చేతికి, బరిసెకి అందేంత దగ్గరికి షికార్ వస్తుంది, అదే ఆజ్మాయిష్ అని సూరె మాయిదాలోనే ఉంది. కొడితే దానికి బదులు ఇచ్చుకోవాలి. మక్కా హరమ్‌లో పిట్టని లేపడం కూడా మనా. మదీనాకి హద్దులు గీసి అక్కడా షికార్ ఆపారు. గుర్రాల మేత కోసం నఖీ అనే చోటుని హుజూర్ హిమా చేశారు, అంటే అందరూ పశువుల్ని తోలకుండా కాపాడిన నేల. మన సాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం అంచు మాచర్ల దగ్గరికి వస్తుంది. అక్కడి ఫారెస్టు బోర్డు చూసి ఇదేదో ఫిరంగీల రివాజు అనుకునేవాడు సొంత ఇంటి తారీఖ్ చదవలేదన్నమాట. ఇంటిల్లిపాదినీ కోర్టు చుట్టూ తిప్పే పనిని దీన్ పేరు చెప్పి చెయ్యడం ఇంకా పెద్ద జియాదతీ. ఈ రోజుల్లో మనవాడొకడు నెమలితో దొరికితే వార్తలో ఏది ముందు రాస్తారో మీకు తెలుసు. వాడి పేరు.

అసలు పల్నాడులో విల్లంబుల మీద హక్కు మాట్లాడాలంటే మనకంటే ముందు మాట్లాడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. చెంచులు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వాళ్ళ గూడేలున్నాయి. విల్లు వాళ్ళకి షౌఖ్ కాదు, తరతరాల రిజ్క్. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తేనె, గడ్డలు, అడవి ఉత్పత్తుల మీద హక్కులు ఒప్పుకుంది. వేట హక్కుని మాత్రం పేరు పెట్టి మరీ బయట ఉంచింది. అడవిలోనే పుట్టి, ఆకలేస్తే బాణం వేసిన ఖౌమ్‌కి లేని ఇజాజత్, బైకు మీద వెళ్ళి సాయంత్రానికి బిర్యానీ తినొచ్చే మనకెలా వస్తుంది? పైగా ఇంత డబ్బు ఇస్తాం, రెండు తీతర్లు పట్టిపెట్టమని అడవి అంచున ఉండే బీదవాణ్ణే అడుగుతారు. దొరికితే లోపలికెళ్ళేది వాడు. దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేది వీళ్ళు. చెంచుల వేట హక్కు గురించి బహస్ జరగాలనే నేనంటాను, అది వాళ్ళ ఆకలికి సంబంధించింది. మన సరదాని అందులో కలపొద్దు.

రీల్స్ సంగతి రెండు ముక్కలు. ఒక కోడిని కట్టేసి, దాని మీద బాణాలు వేస్తూ ఆడుకుంటున్న ఖురైషీ కుర్రాళ్ళ దగ్గరికి హజ్రత్ ఇబ్నె ఉమర్ వస్తే వాళ్ళు చెదిరిపోయారు. ప్రాణమున్నదాన్ని నిషానా చేసేవాళ్ళ మీద హుజూర్ లానత్ చేశారని ఆయన చెప్పారు. లైకుల కోసం పిచ్చుకని, ఉడతని గులేల్‌తో కొట్టి ఫోన్లో పెట్టేవాళ్ళకి వేరే ఫత్వా ఎందుకు?

తీర్ అందాజీ మీద నిజంగా షౌఖ్ ఉన్న పిల్లలుంటే ఆపకండి. విజయవాడ ఎంత దూరం? అక్కడి అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక్కతే మూడు స్వర్ణాలు గెలిచింది, అదే చక్రాల విల్లుతో. బొమ్మదేవర ధీరజ్ ఒలింపిక్స్ దాకా వెళ్ళాడు. మన పిల్లలు, ఆడపిల్లలు కూడా, ఆ బోర్డు ముందు ఎందుకు నిలబడకూడదు? బోర్డుని కొడితే ఏ బేజుబాన్‌కీ రక్తం కారదు, సున్నత్ నియ్యత్ కూడా నెరవేరుతుంది.

అమ్మీలకి, ఆపాలకి ఒక మాట. ఇంట్లో షికార్ ఆగేది వంటింటి దగ్గరే. ఎవరైనా సంచిలో తీతర్లు తెస్తే, మసాలా నూరకముందే ఎక్కడివి, ఎవరు కొట్టారు, ఎలా చచ్చాయి అని అడగండి. జవాబు నీళ్ళు నమిలితే పొయ్యి వెలిగించకండి. తినాలనే ఉంటే ఫారం బటేర్ దొరుకుతుంది, చేత్తో పట్టుకుని జబహ్ చేసుకోవచ్చు. టర్కీయే కావాలంటే సీమకోడి అని మన ఊళ్ళలో పెంచేవాళ్ళున్నారు. అరబ్బు దేశాల్లో పాత కాలంలో ఎవరూ చూడని పిట్ట అది, అమెరికా నుంచి వచ్చింది. గోళ్ళతో వేటాడి తినేది కాదు, గింజలు తినేది కాబట్టి ఉలమా హలాల్ అన్నారు. ఉర్దూలో ఫీల్‌ముర్గ్ అంటారు, ఏనుగు కోడి అన్నమాట. పెద్ద పండక్కి నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. గోష్త్ కాస్త గట్టిది. ముందు రోజు రాత్రే పెరుగు, అల్లం వెల్లుల్లి పట్టించి ఉంచండి, కుక్కర్‌లో నాటుకోడికంటే ఇంకో రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.