పచ్చదీపాన్ని నమ్మొచ్చా?

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచాయి. ఆరుగురు చనిపోయారు. అందరూ ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన పిల్లలే. నలుగురు ఆడపిల్లలు. వాళ్ళని పొట్టన పెట్టుకున్నది మంట కాదు, పొగ. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో 90 మందికి పైగా పోయిందీ పొగకే. సెల్లారులో పుట్టిన పొగ ఏసీ గొట్టాల వెంట పై వార్డులకి పాకింది. 2025 మే 18 ఉదయం హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే కుటుంబంలో 17 మంది పోయారు. వాళ్ళలో ఎనిమిది మంది పిల్లలు.

ప్రతిసారీ జరిగేది ఒకటే. నాలుగు రోజులు పేపర్ల నిండా అవే వార్తలు, విచారణ కమిటీ, నోటీసులు. ఆ తర్వాత ఎవరి పని వాళ్ళది. "అనుమతి ఉందా?" అని అందరూ అడుగుతారు. "గంట మోగుతుందా?" అని అడిగేవాళ్ళే కనబడరు.

నేనూ అడగలేదు. మా అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ గది పక్కన ఎర్ర పెట్టె ఒకటుంది. అందులో చిన్న పచ్చదీపం. కూరగాయలకి వెళ్తూ రోజూ చూస్తాను. వెలుగుతోంది కదా, అంతా బాగానే ఉందనుకునేదాన్ని.

మొన్న పెట్టెని పరీక్ష చేయడానికి కొత్త కుర్రాడొచ్చాడు. మావారు ఊళ్ళో లేరు, సెక్రటరీగారు ఆఫీసులో ఉన్నారు. సంతకం కోసం నన్ను పిలిచారు. సంతకం పెట్టి వచ్చేద్దామనుకున్నదాన్ని రెండు గంటలు అక్కడే నిలబడిపోయాను.

ఆ అబ్బాయి మూడో అంతస్తు వరండాలో నిచ్చెనేసి, కప్పుకున్న డిటెక్టరు ఒకటి తిప్పి ఊడదీశాడు. "కింద పెట్టెలో ఏ దీపం వెలుగుతోందో చూసి చెప్పమనండమ్మా" అన్నాడు. వాచ్‌మన్ కిందనుంచి కేకేశాడు: "పచ్చదేనమ్మగారూ!"

"అదేనమ్మా తప్పు. ఒకటి ఊడదీస్తే పసుపు దీపం వెలిగి, పెట్టె కుయ్యిమనాలి" అన్నాడు. ఆఖరి డిటెక్టరుకి పరీక్ష పొగ కొట్టి చూపించాడు. గంట మోగలేదు.

కిందకొచ్చి పెట్టె తెరిచాడు. మూడో అంతస్తు వైర్లు బిగించిన చోట బియ్యపు గింజంత రెసిస్టరు ఒకటుంది. మాలాంటి పాత రకం వ్యవస్థలో ఒక్కో అంతస్తుకి రెండు వైర్లు డిటెక్టర్లన్నిటినీ కలుపుతూ వెళ్తాయట. ఆఖరి డిటెక్టరు దగ్గర ఈ రెసిస్టరు పెడతారు. దాని గుండా సన్నగా కరెంటు పారుతూ ఉంటుంది. ఆ కరెంటు ఆగిందంటే ఎక్కడో వైరు తెగినట్టు, పెరిగిందంటే పొగ తగిలినట్టు. పెట్టె కనిపెట్టేది ఇంతే.

మా పెట్టెలో ఆఖరున ఉండాల్సింది మొదట్లోనే కూర్చుంది. ఇక బయట వైరు తెగినా పెట్టెకి తెలియదు. ఇంట్లో ఉప్పు డబ్బా చూసుకుని కూరలో ఉప్పు సరిపోయిందనుకున్నట్టే!

ఎవరు పెట్టారంటే వాచ్‌మన్ గుర్తు చేసుకుని చెప్పాడు. రెండేళ్ళ కిందట పెట్టె వారం రోజులు అరిచిందట. ఎవరో వచ్చి "బాగుచేసి" పోయారు. అరుపు ఆగింది. అందరం సంతోషించాం. నేనూ.

ఆ అబ్బాయి రెసిస్టరు తీసి పదో డిటెక్టరు దగ్గర పెట్టాడు. పసుపు దీపం వెలిగింది. ఇక తెగిన చోటు వెతకడం. మొత్తం వైరు ఊడబీకలేదు. సగంలో, అయిదో దాని దగ్గర రెసిస్టరు పెట్టి చూశాడు. పచ్చ. ఏడు దగ్గర పసుపు. ఆరు దగ్గర పచ్చ. అంటే ఆరుకీ ఏడుకీ మధ్య! అక్కడ ఫాల్స్ సీలింగు పలక ఎత్తితే తెగిన వైరు వేలాడుతోంది. వరండాకి సోకులు చేయించినప్పుడు తెగింది. ఏడు నుంచి పది దాకా ఉన్న డిటెక్టర్లు రెండేళ్ళుగా ఉత్త అలంకారం. వాటి కింద నాలుగిళ్ళు. ఒకదాంట్లో మంచం దిగలేని మామ్మగారు, ఇంకోదాంట్లో నెలల పాప.

వైరు కలిపి, రెసిస్టరు మళ్ళీ పదో దాని దగ్గర బిగించి, పొగ కొట్టాడు. గంట మోగింది. తర్వాత మెయిన్ కరెంటు ఆపి మళ్ళీ కొట్టాడు. ఈసారి మూలిగి ఊరుకుంది. బ్యాటరీలు చచ్చిపోయాయి. అగ్ని ప్రమాదంలో మొదట పోయేది కరెంటే కదా!

చట్టాలు లేక కాదు మనకీ గతి. ఇలాంటి పరీక్షలన్నీ ఐఎస్ 2189 అనే ప్రమాణంలో ఉన్నాయి. లోపం ఎక్కడంటే, మనకి కావలసింది గంట మోగడం కాదు, పెట్టె అరవకపోవడం. అరుపు ఆపినవాడికి డబ్బులిస్తాం, అరుపెందుకో వెతికేవాడికి టైము లేదంటాం. పై అధికారికి కాగితం కావాలి, మనకి పచ్చదీపం కావాలి.

అందుకే చెబుతున్నాను. మీటర్లు, వైర్లు మనం ముట్టుకోనక్కర్లేదు, అది తెలిసినవాళ్ళ పని. మనం చేయాల్సింది దగ్గర నిలబడి మూడు మాటలడగడం: "ఒక డిటెక్టరు ఊడదీసి చూపించు. ఆఖరి దానికి పొగ కొట్టి చూపించు. కరెంటు ఆపి గంట మోగించు." ఈ మూడూ మా అపార్ట్‌మెంటు రిజిస్టరులో తేదీ వేసి రాయించాను. పిల్లల స్కూల్లో, అమ్మాయి ఉండే హాస్టల్లో, మనం పురుళ్ళు పోసుకునే ఆసుపత్రిలో కూడా అడగొచ్చు. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆ సాయంత్రం కొత్త బ్యాటరీలు పెట్టాక గంట మళ్ళీ మోగించారు. మామ్మగారు ఉలిక్కిపడి, "ఏమిటమ్మా ఈ గోల?" అన్నారు.

ఆ గోల నాకెంత హాయిగా వినిపించిందో!