ఆసా పాదాలు, మన మడమలు



ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినట్లు నొప్పి. నాలుగడుగులు నడిస్తే కొంచెం సర్దుకుంటుంది. కాసేపు కూర్చుని లేస్తే మళ్లీ మొదలు. మన సంఘంలో నాట్లకు, కలుపుకు వెళ్లే సహోదరీలు, రోజంతా నిలబడి పనిచేసే సహోదరులు ఎందరో దీన్ని నెలల తరబడి ఓర్చుకుంటున్నారు. "డాక్టరుకు చూపించారా అమ్మా?" అంటే, "ప్రార్థన చేసుకుంటున్నానండి అయ్యగారూ" అంటారు. ఆ పక్కనే ఎవరో ఒకరు ఆసా రాజును గుర్తుచేస్తారు.

రెండవ దినవృత్తాంతములు 16వ అధ్యాయంలో ఆసా పాదాలకు జబ్బు చేసింది. అతడు వైద్యులను వెదికాడు గాని దేవుని వెదకలేదు. అక్కడ తప్పు దేవుని మరచిపోవడమే. వైద్యం పాపమైతే పౌలు వైద్యుడైన లూకాను అంత ప్రేమగా ఎందుకు తలచుకుంటాడు? హిజ్కియాకు దేవుడు ఆయుష్షు పొడిగించాడు. అయినా యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. వాగ్దానమూ ఉంది, మందూ ఉంది. కాబట్టి నొప్పిని దాచుకోవడాన్ని విశ్వాసమని పిలవవద్దని నా మనవి.

మడమ ఎముక నుండి కాలివేళ్ల మొదలు దాకా అరికాలి కింద ఒక గట్టి పట్టీ ఉంటుంది. ఈ నొప్పికి ఎక్కువసార్లు ఆ పట్టీ దెబ్బతినడమే కారణం. గచ్చు మీద ఉత్తకాళ్లతో తిరగడం, ఎక్కువసేపు నిలబడటం, అధిక బరువు, బిగిసిన పిక్కలు దాన్ని పెంచుతాయి. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందంటే భయపడవద్దు. అలా పెరిగినా నొప్పి లేనివారు చాలామంది ఉన్నారు.

మంచం దిగకముందే కాలివేళ్లను చేత్తో మీ వైపు లాగి 10 లెక్కపెట్టేదాకా పట్టుకోండి. అలా 10 సార్లు చేయండి. గోడకు చేతులు ఆనించి, నొప్పి ఉన్న కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా పిక్కను సాగదీయండి. ఇంట్లో కూడా మెత్తని చెప్పులు వేసుకోండి. చాలామందికి ఇంతమాత్రంతోనే తగ్గుతుంది, కాని నెలలు పట్టవచ్చు. నొప్పి బిళ్లలు రోజూ మింగితే కడుపుకూ కిడ్నీలకూ ముప్పు. ఏ మందో చెప్పకుండా వేసే సూదులకు ఒప్పుకోవద్దు. కొన్ని వారాలకూ తగ్గకపోతే ఎముకల డాక్టరుకు చూపించండి. వాపు, తిమ్మిరి, జ్వరం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉన్నవారు, షుగరు ఉన్నవారు అసలే ఆలస్యం చేయవద్దు.

సంఘానికీ ఒక మాట. చెప్పులు బయట విడిచి, గచ్చు మీద చాలాసేపు నిలబడి ఆరాధిస్తున్నాం. నొప్పి ఉన్నవారు కూర్చునే పాడండి. వారు లోపల మెత్తని చెప్పులు వేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపవద్దు. మోషే చెప్పులు విడిచిన మాట నిజమే. ఆ భయభక్తులు మన హృదయంలో ఉండాలి, పక్కవారి మడమల మీద మోపకూడదు. నొప్పికి జంకి మందిరానికి రావడం మానేసిన తల్లి ఉంటే, ఈ వారం ఆమె ఇంటికి వెళ్లండి. ప్రార్థన చేయండి, ఆసుపత్రికి తోడు వెళ్లండి.

ప్రభువు మీ అడుగులను స్థిరపరచును గాక. ఆమేన్.