వాన కబురు అందరికీ ఒకటేనా? నంద్యాల, ఆళ్లగడ్డ ఫోన్లకు సరైన హెచ్చరిక చేరాలంటే ఏం కావాలి?

‘జిల్లాలో అక్కడక్కడా భారీ వర్షాలు కురిసే అవకాశం’. వానాకాలంలో ఇలాంటి మెసేజ్ మీ ఫోన్‌కు చాలాసార్లే వచ్చి ఉంటుంది. నంద్యాల పట్టణంలో అపార్ట్‌మెంట్‌లో ఉండే మీకూ, ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు పక్కన మొక్కజొన్న ఆరబోసిన మీ మేనమామకూ, శ్రీశైలం ఘాట్‌లో బస్సు నడిపే డ్రైవర్‌కూ వచ్చేది అదే మాట. కానీ ముగ్గురికీ కావాల్సిన కబురు వేరు.

ఎవరికి ఏది అవసరమో చూసి పంపడం ఇప్పుడు సాంకేతికంగా కష్టమేమీ కాదు. ప్రోగ్రామింగ్ రాని ఉద్యోగి కూడా కంప్యూటర్ తెరపై గడులు, బాణాలు కలిపి ఆ ఏర్పాటు చేయవచ్చు. చిక్కంతా ఏ సమాచారాన్ని దేనితో కలపాలన్న దగ్గరే ఉంది.

ఏమిటీ అనుసంధానం?

ఒక పక్క వాతావరణ సమాచారం ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని మిల్లీమీటర్ల వాన పడవచ్చో అది చెబుతుంది. మరో పక్క వినియోగదారుల సమాచారం ఉంటుంది. ఎవరు ఏ ఊళ్లో ఉన్నారు, ఏ పంట వేశారు, ఏ ఫోన్ నంబరు వాడుతున్నారు, గతంలో పంపిన మెసేజ్ తెరిచి చూశారా లేదా అన్నవి అందులోకి వస్తాయి. ఈ రెండింటినీ కలిపితేనే కబురు చేరాల్సిన మనిషికి చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ఈ-పంటలో నమోదవుతోంది. విపత్తుల నిర్వహణ సంస్థ వడగాలుల, పిడుగుల హెచ్చరికలను మండలాల వారీగా ఇస్తోంది. కబురు చేరవేసే దారి కూడా ఉంది. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ఇప్పటికే జనం చేతిలోని ఫోన్లలో ఉంది.

నో-కోడ్ అంటే?

జాపియర్, మేక్, ఎన్ ఎయిట్ ఎన్ లాంటి సాధనాలను నో-కోడ్ ఆటోమేషన్ అంటున్నారు. వీటి పని మూడు మెట్లు. మొదటిది సమయం: ‘రోజూ ఉదయం 6 గంటలకు సూచన తెచ్చుకో’. రెండోది షరతు: ‘ఆళ్లగడ్డ మండలంలో రేపు 10 మి.మీ. కంటే ఎక్కువ వాన ఉంటే’. మూడోది పని: ‘ఆ మండలంలో మొక్కజొన్న నమోదు చేసుకున్న వారికి మెసేజ్ పంపు’. ఒకసారి అమర్చాక ఎవరూ బటన్ నొక్కనక్కర్లేదు.

ఒక్క అడ్డంకి ఉంది. పెద్ద సంఖ్యలో ఎస్ఎంఎస్‌లు పంపాలంటే ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థ పేరు, మెసేజ్ నమూనా ముందే టెలికాం కంపెనీల డీఎల్‌టీ వేదికలో నమోదై ఉండాలి. వరద వచ్చిన రోజు కూర్చుని కొత్త మెసేజ్ రాస్తే వెంటనే వెళ్లదు. అందుకే నమూనాలు ముందే సిద్ధం చేసుకోవాలి.

దేవనకొండ పాఠం

ఇది మన ప్రాంతానికి కొత్తేమీ కాదు. 2016లో ఉమ్మడి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి 175 మంది వేరుశనగ రైతులతో ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 వరకు ఉన్న 30 ఏళ్ల వాతావరణ లెక్కలకు ఆ ఏడాది సూచనలను జోడించి, ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్ఎంఎస్‌లు పంపాయి. పొలంలో సెన్సర్లు పెట్టలేదు. స్మార్ట్‌ఫోన్ కూడా అవసరం లేకపోయింది. జూన్ తొలి చినుకులకే తొందరపడకుండా నెలాఖరు దాకా ఆగిన రైతులకు దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని నిర్వాహకులు ప్రకటించారు.

అది నిర్వాహకులు తామే చెప్పిన లెక్క అన్నది గుర్తుంచుకోవాలి. అయినా ఒక విషయం స్పష్టం. ఆ మెసేజ్ ‘వాన పడుతుంది’ అని చెప్పి ఊరుకోలేదు. ఫలానా మండలంలో, ఫలానా పంటకు, ఇప్పుడు ఏం చేయాలో చెప్పింది.

ఎంత వాన పడితే ప్రమాదం?

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మి.మీ. పడితే ‘భారీ’, 115.6 దాటితే ‘అతి భారీ’, 204.4 దాటితే ‘అత్యంత భారీ’ వర్షం. ఇవి దేశమంతటికీ ఒకటే. కానీ ఆరబోసిన మొక్కజొన్నకు చిన్న జల్లు చాలు, గింజ తడిసి బూజు పడుతుంది, ధర పడిపోతుంది. అదే జల్లు నల్లరేగడిలో శనగ విత్తడానికి పదును కోసం చూస్తున్న రైతుకు మంచి కబురు. ‘భారీ’ అయితేనే మెసేజ్ పంపాలని షరతు పెడితే ఈ ఇద్దరికీ ఏమీ అందదు. ప్రతి జల్లుకూ అందరికీ పంపితే నాలుగో రోజు నుంచి ఎవరూ తెరిచి చూడరు. మెసేజ్‌ను ఎంతమంది చదివారన్న లెక్క ఇక్కడే పనికొస్తుంది. చదివేవారు తగ్గుతున్నారంటే షరతు మార్చాలని అర్థం.

మీ ఇంటి మీద వాన లేకపోయినా...

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. చాలా యాప్‌లు మీ ఫోన్ ఉన్న చోటి వాతావరణమే చూస్తాయి. నంద్యాలకు అది సరిపోదు. కుందూ నది ఓర్వకల్లు ప్రాంతంలో పుట్టి, నంద్యాల మీదుగా దక్షిణానికి సాగి, కడప జిల్లాలో కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. మద్దిలేరు, చామకాలువ పట్టణాన్ని ఆనుకునే పారతాయి. పైన వాన దంచి కొడితే, మీ వీధిలో చినుకు లేకపోయినా నీళ్లు మీ గడపకు రావచ్చు. 2019 సెప్టెంబరు వరదల్లో నంద్యాల, మహానంది ప్రాంతాలు ఎంత ఇబ్బంది పడ్డాయో మీకు తెలిసిందే. అటు ఆళ్లగడ్డకు వక్కిలేరు ఉంది.

కాబట్టి నంద్యాలలో లోతట్టు కాలనీల నంబర్లను నంద్యాల వానతోనే కలిపితే తప్పు. ఎగువ మండలాల వానతో, నది నీటిమట్టంతో కలపాలి. గడులు, బాణాలు ఎవరైనా కలుపుతారు. ఏ కాలనీకి ఏ వాగు నుంచి ముప్పో చెప్పగలిగేది ఇక్కడి మున్సిపల్, నీటిపారుదల సిబ్బందే. వారిని అడగకుండా కట్టిన వ్యవస్థ వరద వచ్చాక కానీ మోగదు.

నంబరు ఎవరిది?

మరో ప్రశ్న కౌలు రైతులది. పొలం దున్నేది ఒకరు, పాస్‌పుస్తకం ఇంకొకరిది. నమోదైన ఫోన్ హైదరాబాద్‌లో ఉన్న భూ యజమానిదైతే హెచ్చరిక అక్కడే మోగుతుంది. ఆ నంబరు తప్పని ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు.

ఇక గోప్యత. బయటి కంపెనీ సాధనాన్ని వాడితే పేర్లు, నంబర్లు దాని సర్వర్ల గుండా వెళ్తాయి. ఎన్ ఎయిట్ ఎన్ లాంటివాటిని సొంత సర్వర్‌లోనే నడిపే వీలుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. అవి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. వరద హెచ్చరిక కోసం తీసుకున్న నంబరుకు రేపు ఎరువుల ప్రకటన వస్తే, ఎల్లుండి నిజమైన హెచ్చరికనూ జనం నమ్మరు.

మీరు చేయగలిగింది

ఊళ్లో పొలం ఉంటే, రైతు సేవా కేంద్రంలో ఈ-పంటకు ఏ ఫోన్ నంబరు ఇచ్చారో ఈ వారమే కనుక్కోండి. కౌలుకు ఇచ్చి ఉంటే సాగు చేసేవారి నంబరు చేర్చమని అడగండి. పిడుగుల కోసం ‘దామిని’, పంట సలహాల కోసం ‘మేఘదూత్’ యాప్‌లు ఉచితం. దామిని మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగుల జాడ చూపిస్తుంది. ఆపదలో 112 లేదా 1070కి ఫోన్ చేయండి.

మీ కాలనీ సంఘమో, పాఠశాలో సొంతంగా ఇలాంటి ఏర్పాటు చేసుకోవాలనుకుంటే చేసుకోవచ్చు. అధికారిక హెచ్చరికకు అదనంగా మాత్రమే, దాని బదులుగా వద్దు. మెసేజ్‌లో మూడు సంగతులు ఉండాలి: ఏ చోట, ఎప్పటిలోగా, ఏం చేయాలి. వార్డు సభలోనో గ్రామసభలోనో మాత్రం ఒక ప్రశ్న అడగండి: ‘మా వీధికి ఏ వాగు ముప్పు? అది పొంగితే ఎన్ని గంటల ముందు మా ఫోన్ మోగుతుంది?’ దీనికి కచ్చితమైన జవాబు వస్తే వ్యవస్థ పనిచేస్తున్నట్టు. రాకపోతే ఎన్ని యాప్‌లు ఉన్నా అది ఇంకా తయారు కానట్టే.